కమానుకు వకీలు విమలాదేవి

1956 జూన్ 11, సోమవారం

చార్మినారు పని అయిపోయింది. నాలుగు మీనార్లనూ ఒకటిన్నర కాలమ్‌లో కూల్చేశాను. మొన్నటి పత్రికలో వచ్చింది. నిన్న సాయంత్రం అటు వెళ్లి చూస్తే ఇంకా నిలబడే ఉంది. దానికి తెలుగు చదవడం రాదు, ఏం చేస్తాం.

కొత్త రాష్ట్రం వస్తోందట. కొత్త దొరలు వస్తారట. వాళ్లు చూసి తరించడానికి ‘చూడదగిన కట్టడాలు’ అని వారం వారం రాయమన్నాడు మా సంపాదకుడు వేణుగోపాల్. “జర మంచిగ రాయన్నా. బయటికెంచి వచ్చేటోళ్లు చదువుతరు” అన్నాడు. మంచిగానే రాస్తున్నాను. చౌమహల్లా ప్యాలెస్‌లో అన్ని షాండ్లియర్లు వెలిగేవి కదా, ఆ వెలుగు ఒక్కనాడైనా గోడ దాటి వీధిలో పడిందా అని అడిగాను. ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. పురానాపూల్ వంతెనను మాత్రం వదిలేశాను. దాని మీద మనుషులు నడుస్తారు.

వచ్చే శనివారం మా హుస్సేనీ ఆలం నక్కారఖానా కమాను. ఇంటి ఎదురుగానే ఉంది కనుక కాళ్లకు శ్రమ లేదు. ఒక జాగీర్దారు అంబారీ దిగకుండా ఇల్లు చేరడానికి కట్టించుకున్నది. పైన పొడుగాటి గది. దొర వస్తున్నాడంటే అందులో నగారాలు మోగేవి, కిందివాళ్లు గోడలకు అతుక్కునేవాళ్లు. దొర పోయాడు, ఏనుగు పోయింది, దేవిడీ భవంతి మట్టిలో కలిసింది. కమాను మాత్రం నోరు తెరుచుకుని ఎవరి కోసమో చూస్తూ నిలబడింది.

ఆ పై గదిలో మధ్యాహ్నాలు రమాబాయి ఆడవాళ్లకు చదువు చెబుతుంది. గుడిమల్కాపూర్ నుంచి పూలు తెచ్చి కమాను కిందే అమ్ముకునే ఆగమ్మ, బీడీలు చుట్టేవాళ్లు, వీధులూడ్చేవాళ్లు. నా భార్య కనుక నేను పొగడకూడదు. పొగడలేదు కూడా. ఆ మెట్లు మాత్రం ఎన్నడూ ఎక్కలేదు. దొర నగారా మోగించిన చోటికి వెళ్లడం నా సిద్ధాంతానికి విరుద్ధం. పైగా మెట్లు మరీ నిటారుగా ఉన్నాయి.

జూన్ 16, శనివారం

అచ్చయింది. “ఏనుగు లేని వీధికి ఏనుగంత గుమ్మం దేనికి? కూల్చండి. ఆ రాళ్లతో మురుగు మోరీలు కట్టండి. రెండు వందల ఏళ్లలో ఆ రాళ్లు చేసిన మొదటి మంచిపని అదే అవుతుంది.” ఆఖరి వాక్యం నాకే నచ్చింది. మూడుసార్లు చదువుకున్నాను.

రమాబాయి కూడా చదివింది. పత్రిక మడిచి బల్ల మీద పెట్టి, “పైన ఒక కిటికి రెక్క ఊడింది. బాగు చేయిద్దామనుకున్న. ఇగ అక్కర లేదు గద” అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

రాసేటప్పుడు పై గది గుర్తుకు రాలేదు. వచ్చి ఉంటే రాసేవాణ్ణి కాదా? రాసేవాణ్ణే. సిద్ధాంతానికి కింది అంతస్తు, పై అంతస్తు అని తేడా ఉండదు.

అయినా నేను కూల్చమంటే ఎవడు కూలుస్తాడు? ఇన్నేళ్లుగా ఏవేవో కూల్చమన్నాను. ఒక ఇటుక కదల్లేదు.

జూన్ 20

కదిలింది.

రఘునాథ్ వచ్చాడు. నాతో చదువుకున్నవాడే, ఇప్పుడు రోడ్ల కమిటీలో ఇంజనీరు. నన్ను చూడగానే కౌగిలించుకున్నాడు. ఇంజనీర్లు కౌగిలించుకుంటే ఏదో పడిపోతుందని అర్థం.

“అరే భాయ్, పనికొచ్చే ముక్క రాసినవ్! ఆఫీసర్ల కార్లు తిరగాలె, రోడ్డు వెడల్పు చెయ్యాలె అని ఏడాదికెంచి అనుకుంటున్నం. పాత కట్టడం ముట్టుకుంటే జనం లొల్లి చేస్తరని భయముండె. ఇప్పుడు ప్రోగ్రెసివ్ ఒపీనియన్ మా దిక్కున్నది. నీ వ్యాసం ఫైల్ల పెట్టిన.”

“ఫైల్లోనా?”

“అన్నిటికంటె పైన.”

నేను ఆఫీసర్ల కార్ల కోసం రాయలేదన్నాను. ఎవరి కోసం రాస్తేనేం, కమాను ఒకటే కదా అన్నాడు. పై గదిలో బడి ఉందన్నాను. “బడా? నీ వ్యాసంల లేదు గద!” అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. జూలై ఆఖరి సోమవారం కమిటీ తేలుస్తుందట.

జూన్ 21

అన్నం ఉంది. పప్పు ఉంది. మాట లేదు.

జూన్ 24, ఆదివారం

రమాబాయి నిన్నంతా గదుల కోసం తిరిగింది. గుడి వెనక మండపం అడిగితే, చదువు మంచిదే కానీ ఊడ్చేవాళ్లు వద్దన్నారు. వకీలు గారి కచేరీ గది అడిగితే పూలమ్మేవాళ్లయితే ఫరవాలేదు, బీడీలవాళ్లు వద్దన్నారు. ఇంకొక ఇంట్లో అందరూ ఫరవాలేదు, గది మాత్రం లేదన్నారు. పన్నెండు కిటికీల ఇల్లది. రాత్రి అన్నం వడ్డిస్తూ మొత్తం చెప్పింది, గోడతో.

నేను రాసింది తప్పని రాయాలా? రాయను. వాదించేవాడు ఒకసారి వెనక్కి తగ్గితే, ఇక వాడు ఏది రాసినా జనం “ఆగండి, వచ్చే వారం మారుస్తాడు” అంటారు. నేను తప్పు రాయలేదు. దానికి జవాబు చెప్పేవాడు లేడు, అంతే. ఈ ఊళ్లో ఒక్కడికైనా నాకు ఎదురు రాసే దమ్ము ఉంటే కమాను నిలబడేది.

ఒక్కడైనా.

ఒక్కతైనా.

జూన్ 30, శనివారం

వేణుగోపాల్ ఊగిపోతున్నాడు. కిషన్‌బాగ్ నుంచి విమలాదేవి అనే ఒకామె ఉత్తరం రాసింది. పూర్తిగా అచ్చు వేశాడు.

“కమాను కట్టించినవాడు దొర. కట్టిన చేతులు దొరవి కావు. రాయి మోసినవాళ్లకు ఆ మెట్లెక్కే వీలు ఆనాడు లేదు. వాళ్ల మనవరాళ్లు ఇవాళ ఎక్కి పలక పట్టుకున్నారు. తాతలు కట్టిన ఇంట్లోకి ఇప్పటికి కాలు పెట్టారు. వైకుంఠం గారు సరిగ్గా ఈ పూటే గునపం ఎత్తుకు రావాలా? ఇంతకూ ఆ మెట్లు ఆయన ఒక్కసారైనా ఎక్కారా?”

“ఏం కలం అన్నా! ఒక్క తిట్టు లేదు, అయినా నీ చెంప వాచినట్టుంది” అన్నాడు వేణుగోపాల్. చేతిరాత చూపించాడు. కొంచెం వంకరగా ఉంది. ఎడమ చేత్తో రాస్తే అలాగే వస్తుంది మరి.

మెట్ల సంగతి ఆమె ఎత్తాల్సింది కాదు. అది సొంత విషయం. అనుకోకుండా రాసేశాను. రాసేసింది.

జూలై 2

రమాబాయి పత్రికను పై గదికి తీసుకెళ్లింది. తిరిగొచ్చి చారులో పోపు వేసింది. పది రోజులుగా పోపు లేని చారు తింటున్నాను.

జూలై 7

మరీ ఊరుకుంటే అనుమానం వస్తుంది. వైకుంఠం నోరు మూసుకున్నాడంటే పాతబస్తీలో ఎవడు నమ్ముతాడు? అందుకని మర్యాదకు ఒక చిన్న జవాబు. “సోదరి విమలాదేవి గారి కన్నీళ్లు విలువైనవి. వాటితో సున్నం తడపవచ్చు, వాదం నిలబెట్టలేము. కట్టినవాళ్ల చేతుల కోసం కమానును ఉంచాలంటే, సంకెళ్లను చేసినవాడూ కమ్మరే కదా, వాటినీ ఉంచుదామా?”

చిన్న జవాబే. కాస్త ఎక్కువ బాగా వచ్చింది.

జూలై 14

విమలాదేవి: “సంకెళ్లను కరిగించి నాగలి కర్రు చేసుకుంటారు వైకుంఠం గారూ. కమ్మరి మళ్లీ కొలిమి దగ్గరికే వెళ్తాడు. ఆ గదిలో జరుగుతున్నది అదే. నగారా మోగిన చోట ఇప్పుడు గుణింతం మోగుతోంది. కరిగించడం చేతకానివాళ్లే కూల్చమంటారు.”

ఇది ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు. నాకు జవాబు వెంటనే తట్టలేదు. ఇది మంచిదే. తట్టకూడదనే కదా రాస్తున్నాను.

రోజంతా ఆలోచించాను. తట్టలేదు.

జూలై 17

తట్టింది. వేయను. ఇక్కడ కూడా రాయను.

జూలై 21

ఈ వారం పత్రికంతా ఆమే. సంతకాలతో ఉత్తరాలు వచ్చాయట. అందరూ విమలాదేవి వైపు. రిటైరైన తాసీల్దారు ఒకాయన కిషన్‌బాగ్ అంతా తిరిగి ఆమె ఇల్లు వెతుకుతున్నాడు. భార్య పోయి మూడేళ్లయిందని ఉత్తరంలో ప్రత్యేకంగా రాశాడు. “ఈ వీధికి ఇన్నాళ్లకు ఒక ఆలోచించే మనిషి దొరికింది” అని ఇంకొకరు రాశారు. ఇన్నాళ్లకు! ఈ వీధిలో నేను పుట్టి పెరిగి నలభై ఎనిమిదేళ్లు.

రమాబాయి నాతో మాట్లాడుతోంది. నిన్న “ఇంకొంచెం కూర?” అంది. ఇవాళ తనలో తానే నవ్వుకుంది కూడా. దేనికో అడగలేదు.

జూలై 24

మూల మీది ఇరానీ హోటల్‌కు చాయ్‌కి వెళ్లాను. గల్లా దగ్గర సేటు అందరికీ వినిపించేలా, “క్యా వైకుంఠం సాబ్! ఏక్ ఔరత్ సే హార్ గయే?” అన్నాడు. పక్క బల్ల మీదివాళ్లు చాయ్ చిందేలా నవ్వారు.

ఆడదాని చేతిలో ఓడిపోలేదు, జవాబు నా దగ్గర ఉందన్నాను.

“ఉంటే రాస్తుండ్రి గద సారూ, మీరు దాచుకునే మనిషా?” అన్నాడు బీరయ్య. రిక్షా తొక్కేవాడు. వాడి పక్షాన నేను ఎన్ని వ్యాసాలు రాశాను! ఒక్కటీ చదవలేదట. విమలాదేవివి మాత్రం ఎవరితోనో చదివించుకుని విన్నాడట.

చాయ్ చల్లారిపోయింది. తాగాను.

జూలై 26, గురువారం

రఘునాథ్ వచ్చాడు. ఈసారి కౌగిలింత లేదు. శుభం.

“కమిటీ భయపడ్తున్నది. కమాను పక్క పడావువడ్డ ఖాళీ జాగకెంచి రోడ్డు మలపొచ్చు. ప్లాన్ గూడ గీసిన. రేపు ప్రెస్సుకు పోయే పత్రికల ఆమెదే ఆఖరి మాట అయితదా?”

“అవుతుంది.”

“నువ్వేం రాయలేదు గద?”

“లేదు.”

“ఒట్టు?”

నేను దేవుణ్ణి నమ్మను, ఒట్టు దేని మీద వేయాలన్నాను. “జర నోరు మూసుకో చాలు. నాల్గు దినాలు” అన్నాడు. తలుపు దగ్గర రమాబాయి నిలబడి వింటోంది. ఆమె వైపు చూసి, “నిశ్చింతగ ఉండు వదినా, మీ బడికి ఫికర్ లేదు” అని వెళ్లాడు.

రమాబాయి మంచి చాయ్ ఇచ్చింది. కప్పు బల్ల మీద పెట్టాక వెంటనే వెళ్లలేదు. ఏదో అంటుందనుకున్నాను.

జూలై 27, శుక్రవారం

ప్రెస్సుకు వెళ్లాను. ఊరికే. విమలాదేవి ఆఖరి ఉత్తరంలో అచ్చుతప్పులు ఉంటాయేమో, ఆడమనిషి పేరు మీద తప్పులు పోకూడదని. తప్పులు లేవు. బాగుంది. చివర “వైకుంఠం గారి మౌనమే ఆయన సమాధానం అనుకుంటాను” అని ఉంది. నేనే రాశాను ఆ వాక్యం. అచ్చులో చూస్తే వేరేగా ఉంటుంది.

వేణుగోపాల్ కాలమ్ కింద వేలు పెట్టి, “గీడ జర జాగ మిగిలిందన్నా. అగర్‌బత్తీల ప్రకటన పడేస్త” అన్నాడు.

నా పేరు కింద అగర్‌బత్తీలు! “మౌనమే ఆయన సమాధానం”, దాని కింద సువాసనలు వెదజల్లు అగర్‌బత్తీలు!

ఖాళీ ఎంతో లేదు. ఒక చిన్న పేరా పడుతుంది. నిలబడే రాసిచ్చాను. వాదం కోసం కాదు. ఖాళీ పూరించడానికి.

జూలై 28, శనివారం

“విమలాదేవి గారు కాపాడమంటున్నది కమానునా, గదినా? గది కోసమే అయితే గది ఎక్కడైనా గదే. ఈ వీధిలో ముందు గది ఉండి, అందులో ఒక్కరే కూర్చుని లోకానికి నీతులు చెప్పే చదువుకున్నవాళ్లు లేరా? గదిని వాళ్లనడగండి. కమానును రోడ్డుకు వదలండి. –వైకుంఠం”

హోటల్ సేటు నిలబడి సలాం కొట్టాడు. చాయ్ తనే తెచ్చిచ్చాడు. “జవాబ్ నహీఁ సాబ్!” అన్నాడు. నిజమే. దీనికి జవాబు లేదు. మూడుసార్లు వెతికాను.

జూలై 30, సోమవారం

కమిటీలో నా పేరాను ఒకాయన పైకి చదివాడట. అందరూ బల్లలు చరిచారట. పక్క జాగా ప్లాను రఘునాథ్ సంచీలోంచి తీయనే లేదట. ఇంటికి రాలేదు, చప్రాసీతో కబురు పంపాడు: “నువ్వు గెలిచినవ్.”

ఆగస్టు 1

వాన.

ఆగస్టు 9, గురువారం

కమాను ఎక్కాను.

గడ్డపారలవాళ్లు పొద్దుటే దిగారు. పైన బడి సామాను ఉంది, దించాలి. ఆడవాళ్లు తలా ఒకటి దించుతుంటే నేను అరుగు మీద కూర్చుని చూడటం బాగుండదు కనుక ఎక్కాను. మెట్లు అనుకున్నంత నిటారుగా లేవు.

పొడుగాటి గది. గోడలకు గూళ్లు, ఒకప్పుడు నగారాలు పెట్టినవి. వాటిలో పలకలు, సుద్దముక్కల డబ్బాలు, ఆగమ్మ పూలబుట్ట. వీధి వైపు వరుసగా కిటికీలు. రెక్క ఊడిన కిటికీ దగ్గరికి వెళ్లి చూశాను. ఎదురుగా మా ఇల్లు. మా ముందు గది. నా బల్ల, నా కుర్చీ, నా కలం కూడా కనిపిస్తోంది.

ఆగమ్మ చాప చుడుతూ నన్ను చూసి నవ్వింది. “ఏం సూస్తున్రు సారూ? గీడికెంచి మీ అర్ర అంత అవుపడ్తది. మాటలు గూడ ఇనవస్తయి.”

కిటికీ నుంచి ఒక అడుగు వెనక్కి వేశాను.

“గీ గోడకాడ నిలవడి చెయ్యి లేపి మీరు తిట్టేది. మల్ల ఆ గోడకాడికి వొయ్యి, గొంతు సన్నగ జేసి, ‘వైకుంఠం గారూ’ అని మీరే జవాబు చెప్పేది. మేం పలకలు ఆడవెట్టి నవ్వి నవ్వి సచ్చేది! పంతులమ్మ చదువుండ్రే అని కోపం జేసేది, గని ఆమె గూడ కిటికి ఇడ్సిపెట్టకపోయేది. మేమందరం విమలమ్మ దిక్కే ఉంటిమి.”

రాసేముందు పైకి అనుకోవడం నా అలవాటు. రాసేవాళ్లందరికీ ఉండేదే.

రమాబాయి నల్లబల్లను గోడ నుంచి దించుతోంది. బరువు. నేను ఒక కొస పట్టుకున్నాను. మెట్ల దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, నా వైపు చూడకుండా అంది:

“నా కోసమని రాస్తున్రు అనుకున్న. ఒక్కసారన్న ఆమెను గెలవనిస్తరు అనుకున్న.”

చివర్లో కొంచెం ఖాళీ మిగిలిందని, అగర్‌బత్తీల ప్రకటన అని, ఏదో చెప్పబోయాను.

“మెట్లు జూడుండ్రి” అంది.

ఆగస్టు 10

మధ్యాహ్నానికి పై గది లేదు. సాయంత్రానికి కమాను లేదు. వీధి పెద్దదిగా, బోడిగా ఉంది. ఒక కారు వెళ్లింది. ఎవరిదో తెలియదు. ఆగలేదు.

రాళ్లను లారీల్లో ఎక్కించారు. మోరీలకా అని అడిగాను. “కాదు సాబ్, ఆఫీసర్ల క్వార్టర్లకు కాంపౌండు గోడ” అన్నాడు మేస్త్రీ.

ఆగస్టు 12, ఆదివారం

రమాబాయి నన్ను ఏమీ అడగలేదు. నా బల్లను వెనక వసారాలో పెట్టించింది. పుస్తకాల బీరువాను గోడ వైపు తిప్పింది. నల్లబల్లను నేను తిట్టే గోడకు కొట్టింది. ఇది నా రాత గది అన్నాను.

“గది చదువుకున్నోళ్లనడగుమని పేపర్ల మీ పేరుతోని రాసిన్రు గద.”

జవాబు లేదు. నాకు ముందే తెలుసు.

ఆగస్టు 13, సోమవారం

వేణుగోపాల్ ఉదయమే వచ్చి, విమలాదేవి ఎందుకు రాయడం లేదు, మనసు కష్టపెట్టుకుందేమో, ఒకసారి కిషన్‌బాగ్ వెళ్లి క్షమాపణ చెబుదాం రమ్మన్నాడు. తాసీల్దారు గారు కూడా వస్తారట. నువ్వే వెళ్లు అన్నాను. ఈ వారం రాయడానికి ఏముందని అడిగాడు. చౌమహల్లా మీద ఇంకా కొంచెం ఉందన్నాను.

వెనక వసారాలో కూర్చుని చూశాను. అక్కడ ఒకటే గోడ ఉంది. రాయలేకపోయాను. మధ్యాహ్నం బయట అరుగు మీద కూర్చున్నాను. లోపల బడి మొదలైంది. గది చిన్నది, సగం మంది గుమ్మం దాకా వచ్చారు. గుమ్మంలో చెప్పులు, అరుగు మీద నేను.

పాఠం పత్రికలోంచి. ఆగమ్మ చదువుతోంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని, వేలుతో నొక్కి పట్టుకుంటున్నట్టుగా. “గ-ది… ఎక్-క-డై-నా… గ-దే.” ఒక్కో మాట దగ్గర ఆగుతోంది. నిలబడి ఐదు నిమిషాల్లో రాసిన పేరా అది. ఆమె చదువుతుంటే ఎంతకూ తెగలేదు. “క-మా-ను-ను… రో-డ్డు-కు… వద-లం-డి.” ఎవరూ నవ్వలేదు. ఒకామె దగ్గింది.

“కింద పేరున్నది పంతులమ్మా. అది గూడ చదువాల్నా?”

“అక్కర లే. పైది చాలు” అంది రమాబాయి.

పేరు లేకుండా చదివితే పేరాకు విలువేముంది, రాసినవాడెవడో తెలియకుండా వాదం ఎలా అర్థమవుతుంది, ఇదేం బోధన పద్ధతి? ఇంత పెద్ద జవాబు నోటి దాకా వచ్చింది. లేచి గుమ్మం దాకా వెళ్లాను కూడా. చెప్పుల మధ్య కాలు పెట్టడానికి చోటు లేదు.

తిరిగొచ్చి కూర్చున్నాను. లోపల ఎవరూ గమనించలేదు.